సగంలో ఉన్న సాక్ష్యం

మా గుంటూరు చర్చిల్లో, దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పే సాక్ష్యాలకు పిలిచినప్పుడు లేచి నిలబడేది కష్టం దాటినవాళ్ళే. ఆపరేషన్ బాగా జరిగింది, అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, పెళ్ళయిన ఇన్నేళ్ళకు కడుపు పండింది, దేవునికి స్తోత్రం. ఆ సంతోషం నిజమైనదే, నేనూ ఆ పాటల్లో, ఆ చప్పట్లలో పెరిగినదాన్నే. కానీ ఆపరేషన్‌కు ముందు రాత్రి ఆ మనిషి ఎంత వణికాడో, ఉద్యోగం లేనన్నాళ్ళూ ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ చెప్పరు. "ఎలా ఉన్నారండీ?" అంటే "దేవుని దయవల్ల అంతా క్షేమమే" అనడమే మర్యాద.

నా పిల్లలు డల్లాస్‌లో పెరిగారు. అక్కడి చర్చి యూత్ గ్రూపులో ఏడెనిమిది మంది గుండ్రంగా కూర్చుని, ఈ వారం దేవుడు నాకు దూరంగా అనిపించాడని ఒకరు, నిద్ర పట్టక కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నానని ఇంకొకరు మామూలుగా చెప్పేసుకుంటారు. మా అమ్మాయికి పదహారేళ్ళు. కిందటి వేసవిలో గుంటూరు బ్రాడీపేటలో వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో ప్రార్థన కూటం పెట్టారు. ప్రార్థన అవసరతలు ఏమైనా ఉన్నాయా అని అడిగితే, అది వచ్చీరాని తెలుగులో తన సంగతి చెప్పింది. ఉన్నట్టుండి గుండె దడదడలాడి ఊపిరాడదని, డాక్టరు మందులిచ్చారని, కొన్ని రోజులు ఎంత ప్రార్థించినా ఎవరూ వింటున్నట్టు అనిపించదని.

ఒకావిడ గబగబా పాట ఎత్తుకున్నారు. కూటం అయ్యాక ఇంకొక పెద్దావిడ వంటింట్లో మా అమ్మతో, "ఆడపిల్ల కదా వదినా, ఇలాంటివి నలుగురిలో అననివ్వకండి, రేపు సంబంధాలు చూడాలి" అన్నారు. చెడ్డ మనసుతో అన్న మాట కాదది. అలాంటి మాట ఒకటి ఊళ్ళో తిరిగితే ఒక పిల్లకి ఏమవుతుందో ఆమె చూసి ఉంటారు.

"వీళ్ళెవరికీ ఏ బాధా లేదా అమ్మా? నటిస్తున్నారా?" అని అమ్మాయి ఆ రాత్రి అడిగింది. ఈ ప్రశ్నకు నేను తేలిగ్గా జవాబు చెప్పదలచుకోలేదు. నటన అని ఒప్పుకుంటే మా పెద్దవాళ్ళకు అన్యాయం చేసినట్టే.

1842లో హేయర్ అయ్యగారు గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టారు. తర్వాతి కాలంలో ఆ మిషన్ బడుల్లోకి, గుడుల్లోకి ఎక్కువగా వచ్చింది మాల మాదిగ పల్లెల వాళ్ళు. ఊరి బావిలో చేద వేయనివ్వని మనుషులకు చర్చి పలకా బలపం ఇచ్చింది. 1885లో కాలేజీ వచ్చింది. డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్ళకు, పిల్లలకు ఆసుపత్రి కట్టించారు. టీచరమ్మ, నర్సమ్మ, అయ్యగారు అని మొదటిసారి గౌరవంగా పిలిపించుకున్న ఆ కుటుంబాలకు "మంచి సాక్ష్యం ఉన్న ఇల్లు" అన్న పేరే ఆస్తి. వేరే ఆస్తి లేదు. ఆ పేరుకు మచ్చ వస్తుందేమోనన్న భయం మా అమ్మమ్మ నుంచి మా అమ్మకి, అమ్మ నుంచి నాకు వచ్చింది.

మా అబ్బాయి ఇంకా కష్టమైన ప్రశ్న వేశాడు. దగ్గర బంధువొకాయన, ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చునే మనిషి, సర్టిఫికెట్‌లో మాత్రం హిందువు. "అది అబద్ధం కాదా?" అన్నాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు గురించి చెప్పాను. హిందూ మతం దాటి వెళ్తే ఎస్సీ హోదా పోతుందన్నారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన ఊళ్ళో కులం పోదు, కాగితం మీద మాత్రం వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు, అంటే బీసీ-సీ అవుతారు. "నువ్వు క్రైస్తవుణ్ణని చెప్పినందుకు నీ కాలేజీ సీటు పోదు నాన్నా. ఆయనకి పోయేది" అన్నాను. వాడు చాలాసేపు ఆలోచించాడు. నా పిల్లలకు ఉన్న ధైర్యం మంచిదే, దాని వెనక వాళ్ళు సంపాదించుకోని భద్రత ఉందని కూడా వాళ్ళకు తెలియాలి.

అంతమాత్రాన ఈ మౌనమే మంచిదని నేను అనను. మన బైబిలే ఒప్పుకోదు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. ఎనభై ఎనిమిదో కీర్తన మొదటి నుంచి చివరిదాకా చీకటే, ఆఖరి మాటకు కూడా వెలుగు రాదు. పౌలు బ్రతుకు మీద ఆశే వదులుకున్నామని సంఘానికే రాశాడు. ఇవన్నీ ఒక ఎత్తు, గెత్సేమనే తోట ఒక ఎత్తు. ప్రభువు తన దుఃఖాన్ని ముగ్గురు స్నేహితులకు చెప్పుకొని, నాతో మెలకువగా ఉండండని అడిగింది సిలువకు ముందు రాత్రి. పునరుత్థానం అయ్యాక చెప్పిన సాక్ష్యం కాదది.

మన దగ్గర లోటు చెప్పేవాళ్ళది కాదు, విన్నది తమలోనే దాచుకునేవాళ్ళది అని నాకు అనిపిస్తుంది. "ప్రార్థన కోసమే చెబుతున్నాను వదినా" అని మొదలైన మాట సాయంత్రానికి ఎన్ని ఇళ్ళు తిరుగుతుందో గుంటూరులో పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఒకరితో ఒకరు ఒప్పుకోండి, ఒకరికోసం ఒకరు ప్రార్థించండి అని యాకోబు రాశాడు. విన్నవాళ్ళు ఇంకొకరికి చెప్పమని రాయలేదు. అలాగని డల్లాస్ గుంపు గొప్పదనీ అనను. అక్కడ అన్నీ చెప్పుకుంటారు, కార్లెక్కి వెళ్ళిపోతారు. మా పిల్ల అన్ని వారాలు చెబితే ఒక్కరూ ఇంటికి రాలేదు. గుంటూరులో అడక్కుండానే ఆసుపత్రి వరండాలో రాత్రంతా కూర్చునే మనుషులున్నారు.

సంబంధాల గురించి హెచ్చరించిన పెద్దావిడ రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చారు. అమ్మాయితో కాస్త మాట్లాడాలన్నారు. ఇద్దరూ మేడ మీద గదిలో గంటసేపు కూర్చున్నారు. ఆమె వెళ్ళాక ఏమిటని అడిగితే, "ఆంటీ కోసం ప్రార్థన చెయ్యి అమ్మా. ఎందుకని అడక్కు" అంది. ఈరోజు వరకూ నాకు తెలియదు. ఇదంతా రాయనా అని అడిగినప్పుడు కూడా తన సంగతి రాయమంది, ఆమెది అడగొద్దంది.

డల్లాస్‌లో మా తెలుగు ఫెలోషిప్‌లో మేము గుంటూరు అలవాటునే మోసుకెళ్ళాం. పరువు పోతే బ్రతుకు పోయే పరిస్థితి అక్కడ లేదు, అయినా "అంతా క్షేమమే". ఉద్యోగాలు పోయినవాళ్ళు ఆదివారం చొక్కా నలగకుండా వచ్చి వెళ్తారు. అందుకే ఇది అంతా అయ్యాక కాకుండా ఇప్పుడే చెబుతున్నాను. మావారి ఉద్యోగం పోయింది. హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్ళకు కొత్త కంపెనీ దొరకడానికి ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. గ్రీన్ కార్డు వరస ఇంకా మాదాకా రాలేదు. గడువులో సగం అయిపోయింది, ఇంటర్వ్యూలు జరుగుతున్నాయి, ఏదీ కుదరలేదు. ఆయన రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు, నాకు ప్రార్థన మాటలు సరిగా రావడం లేదు. పిల్లలను కూర్చోబెట్టి చెప్పాం, అమ్మకి ఫోన్ చేసి చెప్పాం, ఫెలోషిప్‌లో మావారే నిలబడి చెప్పారు. మా కోసం ప్రార్థన చేయండి.