కమోడోర్ 64కి వైఫై పెట్టాను

జర్మనీలో ఉండేవాళ్లకి కమోడోర్ 64 అనే పాతకాలం ఇంటి కంప్యూటర్ దొరకడం పెద్ద కష్టమేం కాదు. ఒకప్పుడు ఇక్కడి బ్రౌన్‌ష్వైగ్‌లో ఆ కంపెనీకి ఫ్యాక్టరీ ఉండేది. పాత సామాన్ల సంతల్లో ఇప్పటికీ కనిపిస్తుంటుంది. నాదీ అలా కొన్నదే. 1982లో వచ్చిన మోడల్, 64 కేబీ మెమరీ, వేగం ఒక మెగాహెర్ట్జ్‌కి కాస్త తక్కువ. దీన్ని నెట్‌కి కలపాలని పట్టుబట్టాను.

ముందు కరెంటు అడాప్టర్ సంగతి. పాతదాన్ని అస్సలు నమ్మకూడదు. లోపలి రెగ్యులేటర్ చెడిపోతే 5 వోల్టుల లైన్లో వోల్టేజీ పెరిగిపోయి మెమరీ చిప్పులు కాలిపోతాయి. ఇప్పుడు తయారవుతున్న కొత్తది కొని, మల్టీమీటర్‌తో చూసుకున్నాకే తగిలించాను.

నెట్‌కి కలిపే మోడెం, ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్ ఉన్న చిన్న బోర్డు. వెనక యూజర్ పోర్టుకి పెట్టాలి, అదీ కంప్యూటర్ ఆపేశాకే. మోడెంతో మాట్లాడటానికి సీసీజీఎంఎస్ అనే టెర్మినల్ ప్రోగ్రాంని ఎస్‌డీ కార్డు నుంచి ఎక్కించాను.

అసలు టెన్షన్ అక్కడ మొదలైంది. మా వైఫై పేరే కనబడదు. ఈ చిప్‌కి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప తెలియదు, మా రౌటరేమో 5లో ఉంది. 2.4లో గెస్ట్ నెట్‌వర్క్ తెరిస్తే పేరొచ్చింది గానీ, పాస్‌వర్డ్ తప్పంటుంది. ఎన్నిసార్లు కొట్టినా అదే మాట. కారణం, అక్షరాలకి కమోడోర్ వాడే నంబర్ల కోడ్ అందరూ వాడే ఆస్కీ కాదు, దాని సొంత పెట్‌స్కీ. మనం చిన్న ‘ఏ’ కొడితే ఆస్కీలో పెద్ద ‘ఏ’కి ఉండే కోడ్ బయటికి పోతుంది. టెర్మినల్‌ని ఆస్కీ మోడ్‌కి మార్చగానే కలిసింది.

తర్వాత ఏటీడీటీ (మోడెంని నంబరు డయల్ చేయమనే ఆదేశం) అని కొట్టి, ఫోన్ నంబరు ఉండాల్సిన చోట ఒక బీబీఎస్ (ఒకప్పుడు మోడెంతో ఫోన్ చేసి చేరే మెసేజీల బోర్డు) అడ్రసు ఇచ్చాను. పాపం కంప్యూటర్ మాత్రం ఇంకా ఫోన్ చేస్తున్నాననే అనుకుంటుంది! 1200 బాడ్ వేగంలో సెకనుకి 120 అక్షరాలొస్తాయి. వరసకి 40 అక్షరాల చొప్పున 25 వరసలు నిండటానికి ఎనిమిది సెకన్ల పైనే. 9600 పెడితే ఒక్క సెకనులో అయిపోతుంది. నాకైతే 1200లోనే బాగుంది, బొమ్మ ఒక్కో గడీ పేర్చుకుంటూ వస్తుంది.

ఇప్పటి వెబ్‌సైట్లు వేరే కథ. వాటి భద్రత కోసం వాడే హెచ్‌టీటీపీఎస్ లెక్కలు చేయడం ఈ ప్రాసెసర్ తరం కాదు. మధ్యలో రాస్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ పెట్టి, అందులోని లింక్స్ అనే అక్షరాలు మాత్రమే చూపే బ్రౌజర్‌తో ఒక తెలుగు పేజీ తెరిచాను. అన్నీ పిచ్చి గుర్తులే. వెబ్‌లో వాడే యూటీఎఫ్-8 యూనికోడ్‌లో మన అక్షరం ఒక్కోటి కనీసం మూడు బైట్లు, ఇదేమో బైటుకో అక్షరం చొప్పున చదువుతుంది.

“మోడెంలో చిప్పే నీ కంప్యూటర్ కన్నా 80 రెట్లు స్పీడు కదా, అది మోసం కాదా?” అన్నాడు తమ్ముడు. నేనలా అనుకోను. ఆ రోజుల్లోనూ మోడెం వేరే డబ్బానే. బీబీఎస్‌లో వచ్చిన ప్రతి అక్షరాన్నీ అందుకుని తెర మీద పెట్టేది కమోడోరే. రాస్‌బెర్రీ పైతో మాత్రం పనంతా దానిదే, కమోడోర్ ఉత్త కీబోర్డు. అందుకే రాస్‌బెర్రీ పైని తీసి వేరే పనికి పెట్టేశాను.