వాక్కాయ లేని ఊళ్లో పప్పు

నవంబరు మొదటి వారం వచ్చేసరికి మా ల్యాబ్ బ్రేక్ రూమ్‌లో ఫ్రిజ్ తలుపుకి ఒక కాగితం అతికిస్తారు. ఎడమవైపు పేరు, కుడివైపు వంట. అమెరికాలో నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ రోజున డ్యూటీ పడ్డవాళ్లు తలా ఒకటి వండి తెస్తే అందరం కలిసి తింటాం. పాట్‌లక్ అంటారు. నేను ఈ ఆసుపత్రిలో చేరిన ఏడాది ఆ కాగితం ముందు పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. టర్కీ కోడి, గ్రేవీ, స్టఫింగ్, మ్యాష్డ్ పొటాటో, గుమ్మడికాయ పై, అన్నిటి పక్కనా పేర్లు పడిపోయాయి. ఏటా ఆ వంట పక్కన ఆ పేరే ఉంటుందని తర్వాత తెలిసింది. ఆఖరి గీత మీద నా పేరు రాసి, ఎదురుగా ‘లెమన్ రైస్’ అని రాశాను.

నిమ్మకాయ పులిహోర నాకు బాగా కుదురుతుంది. కానీ ఆ రోజు గిన్నె మూత తియ్యగానే పక్కనున్నావిడ అడిగిన మొదటి మాట, “ఇందులో వేరుశెనగ గుళ్లున్నాయా?” అని. ఉన్నాయి, దోసెడు. ఎవరికి ఏ ఎలర్జీ ఉంటుందో తెలియదు కాబట్టి గిన్నె ముందు చీటీ రాసి పెట్టాలని నాకు ఎవరూ చెప్పలేదు. అప్పటికప్పుడు రాసి పెట్టాను. ఇద్దరు ముగ్గురు తలా ఒక చెంచా వేసుకున్నారు. సాయంత్రం ముప్పావు గిన్నె తిరిగి ఇంటికొచ్చింది. కారులో పక్క సీట్లో ఆ గిన్నెని చూస్తుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పిలిచిన చుట్టాలు రాని రోజున మా అమ్మ వండినవన్నీ సర్దుతూ ఎందుకు మాట్లాడేది కాదో ఆ రోజు తెలిసింది.

మాది కోనసీమ. పెళ్లై విస్కాన్సిన్ రాష్ట్రం మధ్యలో ఉన్న ఈ చిన్న ఊరికి వచ్చాక కొన్నేళ్లు ఉద్యోగి భార్యగా వచ్చే హెచ్‌4 వీసా మీద ఇంట్లోనే ఉన్నాను. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న హెచ్‌1బీ ఉద్యోగ వీసా వాళ్ల భార్యలకీ భర్తలకీ 2015లో పని అనుమతి ఇవ్వడం మొదలైంది. నాకది అందాక ముందు రక్తం తీసే పనిలో చేరి, డిగ్రీ కాగితాలన్నీ పంపి, పరీక్ష రాసి ల్యాబ్‌లోకి వచ్చాను. ఆసుపత్రికి పండగ సెలవుండదు. ఒక ఏడాది థాంక్స్‌గివింగ్ చేస్తే క్రిస్మస్ సెలవు, మరుసటి ఏడాది అటుదిటు. ఆ రోజు జీతం ఒకటిన్నర రెట్లు.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు మా వైపు. థాంక్స్‌గివింగ్ నాటి ఉదయం ఇక్కడి రోడ్లు అలాగే ఉంటాయి. ఆరున్నరకి నేను కారు తీసేసరికి సిగ్నళ్లు ఎవరూ లేకుండా ఊరికే మారుతుంటాయి. ల్యాబ్‌లో మాత్రం అంత నిమ్మళం ఉండదు. విస్కాన్సిన్‌లో థాంక్స్‌గివింగ్‌కి ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు తుపాకీతో జింకల వేట సాగుతుంది. ఊళ్లో సగం మంది నారింజ రంగు జాకెట్లేసుకుని అడవిలో ఉంటారు. చలిలో నడిచి, జింకని ఈడ్చుకొచ్చి, గుండెల్లో నొప్పితో ఎమర్జెన్సీకి వస్తారు. వాళ్ల రక్తంలో ట్రోపోనిన్ అనే ప్రొటీన్ ఎంతుందో చూసి అది గుండెపోటో కాదో తేల్చడానికి సాయపడే పని మాది. మధ్యాహ్నానికి వంటింటి కత్తితో వేళ్లు కోసుకున్నవాళ్లు మొదలవుతారు. మా టేబుల్ మీద జింక మాంసం సాసేజ్ కూడా ఉంటుంది. రాత్రి షిఫ్టు చేసే అతను ఏటా తెస్తాడు. ఈ పండగకి మూలమని చెప్పుకునే మొదటి విందు, 1621లో మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌లో ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్లు చేసుకున్నది. దాని గురించి మిగిలిన ఒక ఉత్తరంలో స్థానిక తెగ వాళ్లు ఐదు జింకలు తెచ్చారని ఉంది. గుమ్మడి పై గానీ బంగాళాదుంప గానీ ఆ విందులో లేవు. అంటే ఆ సాసేజే అన్నిటికన్నా పాత వంటన్నమాట.

ఆ టేబుల్ దగ్గర నాకు అన్నీ నేర్పింది బ్లడ్ బ్యాంక్‌లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన ఒక పెద్దావిడ. పోలండ్ నుంచి వచ్చి ఇక్కడ బంగాళాదుంపలు పండించినవాళ్ల మనవరాలు. ఆవిడ వంట గ్రీన్ బీన్ క్యాసరోల్, అంటే ఓవెన్‌లో పెట్టి చేసే బీన్స్ వంట. డబ్బాలో వచ్చే బీన్స్, డబ్బాలో వచ్చే మష్రూమ్ సూప్, పైన వేయించిన ఉల్లిపాయ ముక్కలు, అంతే. 1955లో న్యూజెర్సీలోని క్యామ్డెన్‌లో, క్యాంబెల్ సూప్ కంపెనీ వంటగదిలో పనిచేసే డార్కస్ రైలీ అనే ఆవిడ, ఏ ఇంట్లోనైనా ఉండే సరుకులతో కుదిరేలా దీన్ని తయారుచేశారు. తాజా బీన్స్ వేస్తే ఇంకా బాగుంటుంది కదా అని ఒకసారి అడిగాను. “బాగుంటుందేమో గానీ అది మా అమ్మ చేసింది అవదు” అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పండగ వంటంటే అందరికీ బాగా నచ్చే వంటని అనుకునేదాన్ని. ఆ గదిలో చూస్తే పండగ వంటంటే మార్చనివ్వని వంట. ఎక్స్‌రేలో పనిచేసే అమ్మాయి ఇంట్లో క్రాన్‌బెర్రీ అనే ఎర్ర కాయల జెల్లీ డబ్బాలోంచి నిలువుగా జారి, డబ్బా గీతలు ఒంటి మీద కనిపిస్తూ పళ్లెంలో నిలబడాలట. గరిటెతో కదిపితే వాళ్ల నాన్న ముట్టుకోడు. మా నాన్నమ్మ సంక్రాంతి దప్పళంలో గుమ్మడికాయ, చిలగడదుంప, వంకాయ అన్నీ ఉండి మునక్కాడ లేకపోతే “ఇది పండగ దప్పళమా?” అని విస్తరి ముందు నుంచి లేవబోయేది. ఇద్దరిదీ ఒకటే పట్టుదల. ఇంక నాకు ఆ క్యాసరోల్ చప్పగా అనిపించలేదు.

క్రాన్‌బెర్రీ సంగతి చెప్పాలి. అమెరికాలో పండే క్రాన్‌బెర్రీల్లో సగానికి పైగా విస్కాన్సిన్‌వే. ఆ పెద్దావిడ తమ్ముడికి ఇక్కడికి గంట దూరంలో తోట ఉంది. వీళ్లు దాన్ని మార్ష్ అంటారు. అక్టోబరులో ఒక ఆదివారం నన్నూ మా ఆయన్నీ తీసుకెళ్లింది. చుట్టూ గట్లు, మధ్యలో మడులు, కాలవలోంచి నీళ్లు పెట్టడానికి చిన్న తూములు. అచ్చం మా వరిచేలే. కోతకి ముందు మడి నిండా నీళ్లు పెడతారు. తీగల్ని యంత్రంతో కదిపితే కాయలు ఊడి పైకి తేలతాయి. కాయని అడ్డంగా కోసి చూపించారు. లోపల నాలుగు ఖాళీ గదులు, వాటిలో గాలి. అందుకే తేలతాయట. నడుం దాకా రబ్బరు బూట్లు తొడుక్కున్న మనుషులు ఆ ఎర్రటి తెట్టుని ఒక మూలకి నెట్టుకుంటూ వెళ్తున్నారు.

ఒక కాయ నోట్లో వేసుకుని కొరికాను. పళ్లు జివ్వుమన్నాయి. వాక్కాయ! వానాకాలంలో మా పెరటి కంచెకి కాసే వాక్కాయ, అదే పులుపు, చివర్లో అదే వగరు. ఎన్నేళ్లయిందో ఆ రుచి తగిలి. అక్కడే గట్టు మీద నిలబడి అమ్మకి ఫోన్ చేశాను. అమ్మకి అప్పటికి రాత్రి పదకొండు.

“గింజుందా?” అంది.

“చిన్నవేనమ్మా, తెలియవు కూడా.”

“పాలు కారతాయా?”

“లేదు.”

“ఇంకేంటే మరి! పప్పులో పడెయ్. పప్పు ఉడికాకే వెయ్యి. పులుపు ముందు పడిందంటే పప్పు మెత్తబడదు.”

అమ్మ వాక్కాయ పప్పు చేసేటప్పుడు ముందు వేళ్లకి నూనె రాసుకునేది, పాలు అంటుకోకుండా. ఒక్కో కాయని రెండుగా చీరి, కత్తి మొనతో గింజలు తోసేది. గంట పని. క్రాన్‌బెర్రీకి అదేం లేదు. కందిపప్పు మెత్తగా ఉడకబెట్టి పక్కన పెట్టుకుంటాను. మూకుట్లో నూనె కాగాక ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఇంగువ, కరివేపాకు. పచ్చిమిర్చి చీలికలు వేసి, కడిగి ఆరబెట్టిన కాయలు రెండు గుప్పెళ్లు పోసి మూత పెడతాను. అరనిమిషంలో లోపల టప్ టప్‌మని పగలడం మొదలవుతుంది. ఆ గదుల్లో గాలి పేలే చప్పుడది. మూత ముందే తీస్తే రసం చేతి మీద చిట్లుతుంది, కాబట్టి చప్పుడు తగ్గేదాకా ఆగాలి. తర్వాత ఉప్పు, పసుపు, చిన్న బెల్లం ముక్క వేసి పప్పులో కలపడమే. పసుపు మీద ఎరుపు తిరిగి పప్పంతా సింధూరం రంగుకొస్తుంది. ఇది నేను కనిపెట్టిందేం కాదు. అమెరికాలో తెలుగువాళ్లు చాలామంది ఈ పప్పు చేస్తారు, పచ్చడీ పులిహోరా కూడా పెడతారు. తాజా కాయలు కొట్లలో అక్టోబరు నుంచి క్రిస్మస్ దాకానే దొరుకుతాయి. నేను సంచులు కొని ఫ్రీజర్‌లో పెట్టుకుంటాను, వేసవి దాకా వస్తాయి.

ఆ ఏడాది కాగితం మీద ‘క్రాన్‌బెర్రీ పప్పు’ అని రాశాను. స్లో కుక్కర్‌లో వెచ్చగా పెట్టి, పక్కన ఒక కుక్కర్ అన్నం, చిన్న డబ్బాలో నెయ్యి, ముందు చీటీ. అన్నంతో తింటారనుకున్నాను. బ్లడ్ బ్యాంక్ పెద్దావిడ ఒక గరిటె తీసుకుని మ్యాష్డ్ పొటాటో మీద పోసుకుంది, గ్రేవీ పోసుకున్నట్టు. పక్కవాళ్లు టర్కీ ముక్కల మీద పోసుకున్నారు. ఆలోచిస్తే వాళ్లు చేసింది సబబే. వాళ్లకి టర్కీ పక్కన పుల్లగా క్రాన్‌బెర్రీ ఉండటం అలవాటు, నా పప్పు వెళ్లి ఆ చోట్లో కూర్చుంది. ఒంటిగంటకి పప్పు కుక్కర్ అడుగు కనిపించింది. సూక్ష్మజీవుల విభాగంలో పనిచేసే మాంగ్ తెగ అమ్మాయి కొంచెం ముందు ఇలాగే ఒక ఎగ్ రోల్స్ ట్రే ఖాళీ చేసుకుంది. వాళ్ల అమ్మానాన్నలు వియత్నాం యుద్ధం తర్వాత లావోస్ నుంచి థాయ్‌లాండ్ శిబిరాల మీదుగా వచ్చారు. మా రాష్ట్రంలోని వాసా నగరం చుట్టుపక్కల మాంగ్ కుటుంబాలు చాలా ఉన్నాయి. ముందు రోజు రాత్రి అమ్మా అక్కాచెల్లెళ్లూ కూర్చుని రెండు వందల ఎగ్ రోల్స్ చుడతారట. “టర్కీ లేకపోయినా మా ఇంట్లో ఎవరూ అడగరు, ఇవి లేకపోతే గొడవే” అంది.

ఒక ఏడాది సెలవొచ్చింది. ఇంట్లోనే టర్కీ వండుదామని 14 పౌన్ల పిట్టని, అంటే ఆరు కిలోల పైచిలుకు, పండగ ముందు రోజు, బుధవారం సాయంత్రం కొనుక్కొచ్చాం. రాయిలా గడ్డకట్టి ఉంది. నాలుగైదు పౌన్లకి ఒక రోజు చొప్పున ఫ్రిజ్‌లో పెట్టి కరిగించాలని ఇంటికొచ్చాక కవర్ మీద చదివాం. అంటే మూడు రోజులు ముందే కొనాల్సింది. మిగిలిన దారి, చన్నీళ్లలో ముంచి అరగంటకోసారి నీళ్లు మార్చడం. పౌనుకి అరగంట, మొత్తం ఏడు గంటలు. మా ఆయనా నేనూ వంతులేసుకుని తెల్లారగట్ల మూడింటిదాకా సింకు దగ్గరే ఉన్నాం. అల్లం వెల్లుల్లి, మిరియాలు, వెన్న పట్టించాం. లోపల 165 డిగ్రీల ఫారన్‌హీట్ వచ్చిందో లేదో థర్మామీటర్ గుచ్చి చూశాం. బాగానే కుదిరింది. కానీ మా అమ్మాయి రెండు ముక్కలు తిని “పప్పు చెయ్యలేదా?” అంది. దానికి థాంక్స్‌గివింగ్ వంటంటే అదే. మొన్న వానాకాలంలో కోనసీమ వెళ్తే మా అమ్మ వాక్కాయ పప్పు వడ్డించింది. “అమ్మమ్మా, నీకు కూడా థాంక్స్‌గివింగ్ పప్పు వచ్చా?” అని అడిగింది. అమ్మ నవ్వింది గానీ నాకు గుండె కలుక్కుమంది.

అదే పిల్ల రెండో తరగతిలో అరచేతి ఆకారంతో టర్కీ బొమ్మ గీసుకొచ్చి, “మొదటి విందుకి వచ్చిన వాంపనోగ్ వాళ్లు ఇప్పుడెక్కడున్నారు?” అని అడిగింది. ఉన్నారని చెప్పాను. వాళ్ల భూములు పోయాయని, 1970 నుంచి ప్లిమత్‌లో ఇదే రోజున స్థానిక తెగల వాళ్లు కలిసి సంతాప దినం జరుపుకుంటారని చెప్పాను. పిల్లకి చెప్పకుండా దాచే విషయం కాదది. మా పాట్‌లక్‌కి ఓజిబ్వే అనే స్థానిక తెగ కుటుంబానికి చెందిన ఒకతను వైల్డ్ రైస్ తెస్తాడు. వాళ్లు దాన్ని మనోమిన్ అంటారు. పేరుకి రైస్ గానీ అది మన వరి కాదు, చెరువుల్లో తనంతట తాను పెరిగే గడ్డి. పడవలో వెళ్లి, కంకుల్ని ఒక కర్రతో పడవ మీదికి వంచి, ఇంకో కర్రతో మెల్లగా తట్టి గింజలు రాల్చుకుంటారు. కొన్ని గింజలు నీళ్లలో పడాలి, వచ్చే ఏటికి విత్తనాలవే. నల్లగా, పొడుగ్గా, పొగ వాసనతో ఉంటుంది. దానిలో మా పప్పు కలుపుకుని అతనూ నేనూ తిన్నాం.

కిందటి వేసవిలో పెద్దావిడ రిటైరైంది. ఈ నవంబరులో కాగితం అతికించగానే చూశాను. గ్రీన్ బీన్ క్యాసరోల్ పక్కన ఎవరి పేరూ లేదు. నా పేరు ఎదురుగా మాత్రం, నేను రాయకముందే, ఎవరో ‘క్రాన్‌బెర్రీ పప్పు’ అని రాసి పెట్టారు. ఆ రాత్రి ఆవిడకి ఫోన్ చేసి కొలతలు అడిగాను. చాలా సంతోషించింది. బీన్స్ డబ్బావే కొనమంది. ఉల్లిపాయలు ఆఖరి ఐదు నిమిషాల్లో వెయ్యమంది, ముందే వేస్తే మాడిపోతాయట. మిరపకాయలు మాత్రం వెయ్యొద్దని రెండుసార్లు చెప్పింది.

వెయ్యను.