డ్రాకులా చదివి పూర్తి చేశాను

బ్రామ్ స్టోకర్ ‘డ్రాకులా’ 1897లో వచ్చింది. సినిమాల పుణ్యమా అని కథ ముందే తెలుసు. నవలకు ఇంత పేరు తగునా కాదా, చదివి తేల్చుకోవాలనుకున్నాను.

మొదటి నాలుగు అధ్యాయాలు పుస్తకాన్ని కింద పెట్టనివ్వలేదు. జోనాథన్ హార్కర్ అనే కుర్ర లాయరు ఇంటి అమ్మకం పనిమీద ట్రాన్సిల్వేనియాలో కౌంట్ డ్రాకులా అనే ప్రభువు కోటకు వెళ్తాడు. అంత పెద్ద కోటలో పనివాళ్లు ఒక్కరూ కనబడరు. ఒకరోజు తలుపు సందులోంచి చూస్తే భోజనాల బల్ల సర్దుతున్నది స్వయంగా కౌంటే! పక్క సర్దేదీ ఆయనే. మరి హార్కర్‌ను కోటకు తెచ్చిన రాత్రి బండి తోలింది ఎవరు? కౌంట్ గోడమీద తలకిందులుగా పాకే దృశ్యం కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే.

కథ ఇంగ్లండ్ చేరాక నడక మందగించింది. హార్కర్ భార్య మీనా స్నేహితురాలు లూసీ రక్తాన్ని కౌంట్ తాగుతుంటాడు. ఆమెకు రక్తం ఎక్కిస్తారు, కోలుకుంటుంది, మళ్లీ పాలిపోతుంది, మళ్లీ ఎక్కిస్తారు. అలా నలుగురు మగవాళ్లు రక్తమిస్తారు. (రక్తం గ్రూపుల సంగతి లోకానికి ఇంకా తెలియని రోజులవి.) ఆమెకు వైద్యం చేసే ప్రొఫెసర్ వాన్ హెల్సింగ్ ఉపన్యాసాలు సరేసరి. ఇక్కడే విసుగొచ్చి కొన్నాళ్లు పక్కన పెట్టేశాను.

మళ్లీ పట్టుకున్నప్పుడు తేదీలు చూస్తూ చదివాను. నవలంతా డైరీలు, ఉత్తరాలు, పేపర్ కటింగులే కదా. ఎవరు ఏ రోజున ఏం రాశారో ఒక కాగితం మీద వేసుకుంటూ పోతే భయం ఎక్కడుందో తెలిసింది. ఆ రాత్రి లూసీకి కాపలా ఉండమని డాక్టర్ సీవర్డ్‌కు వాన్ హెల్సింగ్ టెలిగ్రాం ఇస్తాడు. చిరునామాలో కౌంటీ పేరు లేక అది వేరే ఊరికి పోయి, 22 గంటలు ఆలస్యంగా అందుతుంది. సీవర్డ్ ఏమీ తెలియక నిద్రపోతాడు. మనకు తెలుసు! ఆ పేజీ దగ్గర నిజంగా టెన్షన్ పడ్డాను.

తర్వాత మీనా ఆ కాగితాలన్నీ తేదీల వరసలో టైపు చేస్తుంది. అప్పటిదాకా ఎవరి ముక్క వాళ్లకే తెలిసినవాళ్లు మొదటిసారి అంతా కలిపి చదువుతారు. కౌంట్‌ను వేటాడే దారి వాళ్లకు అక్కడే దొరుకుతుంది. కౌంట్ డైరీ మాత్రం ఎక్కడా ఉండదు. ఆయన మనసులో ఏముందో చివరిదాకా ఊహించుకోవాల్సిందే.

ముగింపు నాకు నచ్చలేదు. అంత వేటా సాగించి కౌంట్ చావును నాలుగు వాక్యాల్లో తేల్చేశాడు. అయినా ఈ నవలకు వచ్చిన పేరు న్యాయమైనదే అంటాను, ముఖ్యంగా ఆ డైరీల అల్లికకు. చదవబోయేవాళ్లు తేదీలు దాటెయ్యకండి.