బతికున్నట్టు రుజువుకు నల్లగొండ దాకా

దేవరకొండల పొద్దున ఏడింటికి పల్లెవెలుగు ఎక్కిన. పోయేది పెండ్లికి కాదు, పేరంటానికి కాదు. పింఛను ఆగొద్దంటే ఇంకా బతికే ఉన్నానని ఏడాదికోపారి రుజువియ్యాలె, అందుకే నల్లగొండల వేలిముద్ర వేసి రావాలె. ఆర్టీసీ కండక్టరుగా రిటైరైనోన్ని గనుక, బస్సెక్కితే కిటికీ కంటే ముందు టికెట్ మిషన్ మీదికే చూపు పోతది.

2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లల్ల ఆడోళ్ల దగ్గర పైసలు తీసుకుంటలేరు. అట్లని టికెట్ లేదనుకోవద్దు, సున్నా రూపాయల టికెట్ కొట్టాల్సిందే. ఆ సున్నాల లెక్క చూపితేనే సర్కారు ఆర్టీసీకి పైసలు కట్టిస్తది. మల్లేపల్లి చౌరస్తాల పత్తి ఏరబోయే ఆడోళ్లు ఎక్కేసరికి కాలు పెట్ట జాగ లేదు. కండక్టర్ పిల్ల ఒక్కొక్కరి ఆధార్ చూడాలె, మొఖం చూడాలె, స్టేజీ దాటేలోపు టికెట్లన్నీ పూర్తి చేయాలె. నడుమల చెకింగోళ్లు ఎక్కి ఒక్క సున్నా తక్కువున్నా జవాబు చెప్పుకోవాల్సింది ఆమెనే.

"పైసలు కట్టినోళ్లం నిలబడ్డం, ఫిరీవోళ్లు కూసున్నరు" అని ఒకాయన మొదలువెట్టిండు. "బీరు సీసకు లేని ఏడుపు బస్సు టికెట్‌కేందన్నా?" అన్నదొకామె, చేతిల సద్దిగిన్నె కిందికి దించకుండనే. బస్సంత నవ్వింది. నాకైతే పథకం మీద కోపం లేదు. ఎక్కేటోళ్లు ఇంతమంది పెరిగినప్పుడు బస్సులు గూడ పెరగాలె గదా, అదొక్కటే బాధ. నాకు సీటు దొరికింది గుర్రంపోడు దాటినంకనే. బత్తాయి తోటలు చూసుకుంట కూసున్న.

మా పింఛను సంగతి తెల్వనోళ్లకు చెప్తా. ఇది ఈపీఎస్-95, అంటే పీఎఫ్ ఆఫీసు ఇచ్చే పింఛను. జీతం ఎంతున్నా 15,000 దాకనే లెక్కకు వస్తది. దాన్ని సర్వీసు ఏండ్లతోని హెచ్చవేసి 70 తోని భాగించాలె. 20 ఏండ్లు దాటితే రెండేండ్లు బోనస్ కలుపుతరు. అంటే 26 ఏండ్లు చేసినోడికి 28 కింద లెక్కగట్టి 6,000. అదిగూడ కాయిదం మీదనే. 2014 సెప్టెంబర్‌కు ముందు చేసిన సర్వీసుకు పరిమితి 6,500 గనుక చేతికొచ్చేది ఇంకా తక్కువ. డీఏ లేదు. ఉల్లిగడ్డ ధర ఎంత పెరిగినా పింఛను కదలదు. కనీస పింఛను 1,000 అన్నది 2014ల పెట్టిన మాట, ఓట్లు ఎన్నిసార్లు వచ్చిపోయినా అక్కడనే ఉంది.

నల్లగొండల దిగి ఒక సెంటర్‌కు పోయిన. ముందల ఇరవైమంది ముసలోళ్లు. నవంబర్ల ఈ రుజువు ఇచ్చుడు కేంద్ర సర్కారు పింఛనుదార్లకు తప్పదు. మాకు మాత్రం ఏ నెలల ఇచ్చినా ఆ రోజు నుంచి ఏడాది చెల్లుతది. ఆ సంగతి తెలిసి గూడ అలవాటుకొద్దీ ఈ రద్దీల వచ్చి పడ్డ. మీరు జూన్లనో జులైలనో ఇచ్చుకోండ్రి.

నా బొటనవేలును మిషన్ నాలుగుసార్లు కాదన్నది. ముసలితనంల వేలి గీతలు అరుగుతయి, చర్మం ఎండుతది. చలికాలమైతే మరీ. వేలును తడిగుడ్డతోని తుడిచి, చెమ్మ కొంచెం ఉండంగనే పెట్టాలె. గట్టిగ అదిమితే గీతలు అలుక్కపోతయి. బొటనవేలు వినకుంటే ఉంగరపు వేలు చూడాలె, అది తక్కువ అరుగుతది. ఇంట్ల ఎవరన్న ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసి మర్చిపోయినా ఇదే గతి. ఏదీ కాకుంటే కంటిపాప మిషన్, లేదా ఫోన్ల మొఖం చూపిచ్చుడు. నాది ఉంగరపు వేలితోనే అయింది.

సెంటర్ల పిల్లగాడు వివరాలు కొడుతుంటే పక్కకు నిలబడి చూడండ్రి. పీపీఓ నంబర్ల, అంటే పింఛను ఆర్డర్ నంబర్ల, ఒక్క అంకె తప్పినా, పింఛను ఇచ్చే ఆఫీసు పేరు ఇంకోటి నొక్కినా, ఫోనుకు ప్రమాణ్ ఐడీ అనే సర్టిఫికెట్ నంబర్ వస్తది గానీ కాయిదం అవతల తిరస్కరిస్తరు. పింఛను ఆగినంక గానీ మనకు తెల్వది.

నా ఎనుక మర్రిగూడ దిక్కు పెద్దమనిషి ఒకాయన నిలబడ్డడు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఒళ్లు. నడుము వంగి, మెడ బిగుసుకపోయి, చూపంత నేల మీదనే. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దన్న ఫ్లోరైడ్‌ను ఆ ఊర్లు ఎన్నో రెట్లు తాగినయి. 1996ల ఆ నీళ్ల గోస దేశానికి చెప్పాలనే జలసాధన సమితి పిలుపు మీద జనం నామినేషన్లు వేస్తే, నల్లగొండ లోక్‌సభకు 480 మంది పోటీల నిలిచిండ్రు. బ్యాలెట్ పుస్తకమంత అయింది, ఎన్నిక వాయిదా పడ్డది. ఆ ఏడే డిపాజిట్‌ను 500 నుంచి 10,000 చేసిండ్రు. నీళ్ల కంటే ముందు ఆ చట్టం వచ్చిందని మా డిపోల నవ్వుకునేటోళ్లం.

ఆయన వేళ్లు మిషన్ కింద సాపు కాలేదు. కంటి మిషన్ దాకా మెడ లేవలేదు. ఫోన్ ముందల పెడితే కెమెరకు నెత్తి మీది వెంట్రుకలే కనబడుతున్నయి. పిల్లగాడు రెండుసార్లు చూసి, ఆయన్ను బయట వెలుతురుకు తీసుకపోయి, కండ్లద్దాలు తీయించి, తాను నేల మీద గొంతుకూసుండి ఫోనును కిందినుంచి పైకి పట్టిండు.

"తాతా, నన్ను చూడు. ఇగ కండ్లు ఆర్పు."

ఆర్పిండు. మొఖం చుట్టున్న గీత పచ్చగైంది.

బస్టాండ్ దాకా ఇద్దరం కలిసే నడిచినం. మర్రిగూడ బస్సు ఎక్కబోతే, మెట్టు ఎంత ఎత్తుందో చూసుకునేటందుకు ఆయన ఒళ్లంత పక్కకు తిప్పాల్సి వచ్చింది. కండక్టరమ్మ చెయ్యందించి ఎక్కించి, డ్రైవర్ ఎనుక సీటు ఖాళీ చేయించి కూసోబెట్టింది. తర్వాత మిషన్ తీసి టికెట్ పైసలు అడిగింది. ఆయన రుమాలు ముడి విప్పిండు.