మంచు కోసం మున్నార్ వెళ్తే

తెలుగులో అన్నిటికీ ‘మంచు’ అనే ఒక్క మాటే ఉండటం మమ్మల్ని ముంచింది. జనవరిలో కేరళలోని మున్నార్ దగ్గర ఇరవికుళం నేషనల్ పార్కుకి వెళ్దాం, అక్కడ మంచు పడుతుందట అన్నాను. మా వారు కులూ మనాలీని ఊహించుకున్నారు. పాప మంచుబొమ్మ చేస్తానని బీచ్‌కి తీసుకెళ్లే చిన్న బకెట్ సర్దుకుంది. తీరా అక్కడ ఆకాశం నుంచి పడేదేమీ లేదు, గడ్డి మీద పేరుకునేదే.

గుంటూరు నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది కదా అని ధీమాగా ఉన్నాం. అది మకరజ్యోతి సీజన్ అని బుర్రకి తట్టలేదు. చివరికి తత్కాల్‌లో మూడు బెర్తులు దొరికాయి, అవీ తలో మూల. బోగీ నిండా నల్లబట్టల స్వాములే. ‘మీరూ కొండకేనా మాతా?’ అని ఒకాయన అడిగితే, ‘కొండకే గానీ, ఆ కొండకి కాదు స్వామీ’ అన్నాను. పాపని చూసి ఆయనే బెర్తు మార్చుకున్నారు.

మర్నాడు ఆలువాలో దిగి, ఘాట్ రోడ్డులో నూటపది కిలోమీటర్లు బస్సు. పాప దారంతా వాంతులు. ఆ ముచ్చట వదిలేద్దాం.

అసలు సంగతి హోటల్ అబ్బాయి చెప్పాడు. పార్కు గేటు తెరిచేది పొద్దెక్కాక, అప్పటికి మంచు కరిగిపోతుంది. చూడాలంటే తెల్లవారకముందే టీ తోటల మధ్య పల్లపు మైదానానికి వెళ్లాలి. రాత్రి మబ్బు, గాలి లేకపోతే నేలలోని వేడంతా పైకి పోతుంది, బరువైన చల్లగాలి పల్లంలోకి జారి నిలుస్తుంది. పక్కనే గట్టు మీద మాత్రం ఏమీ ఉండదు.

ఐదున్నరకి జీపులో వెళ్లాం. పద్దెనిమిది డిగ్రీలకే మఫ్లర్ చుట్టుకునే గుంటూరు వాళ్లం, వేళ్లు కొంకర్లు పోయాయి. ఫోను చలికి దానంతటదే ఆగిపోయింది. ముందు ఎవరో ముగ్గుపిండి చల్లినట్టు కనిపించింది. వంగి చూస్తే ఒక్కో గడ్డిపరక అంచునా ఉప్పురవ్వల్లాంటి పలుకులు. అడుగు వేస్తే అప్పడం విరిగినట్టు కరకర. పాప అరచేత్తో గీకి బకెట్ నింపబోయింది. హోటల్‌కి వచ్చేసరికి అడుగున నాలుగు చుక్కల నీళ్లు, రెండు గడ్డిపరకలు.

పార్కులోకి సొంత బండి రానివ్వరు. అటవీశాఖ బస్సులో రాజమల దాకా, పైన నడక. మేం టైమ్ స్లాట్ ముందుగా తీసుకోలేదు, లైన్లో రెండు గంటలు పోయాయి. మీరు మాత్రం ముందే బుక్ చేసుకోండి. ఎదురుగా ఆనముడి, 2,695 మీటర్లు, దక్షిణాదిలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం. దాన్ని చూస్తుండగానే రోడ్డు పక్క బండ మీదకి ఒక వరయాడు వచ్చింది. ఈ కొండమేకల కోసమే 1978లో దీన్ని నేషనల్ పార్కు చేశారు. ముదురు గోధుమరంగు ఒళ్లు, వీపు మీద బూడిద చల్లినట్టు తెల్లటి మచ్చ, వెనక్కి వంగిన కొమ్ములు. మమ్మల్ని పట్టించుకోకుండా గడ్డి నములుతూనే ఉంది. మంచు కన్నా నాకు ఇదే గుర్తుండిపోయింది, మా వారు ఒప్పుకోరు గానీ.

వరయాడులు ఈనే కాలమని ఫిబ్రవరి, మార్చిల్లో పార్కు మూసేస్తారు. కాబట్టి చలికి వెళ్లాలంటే డిసెంబరు, జనవరే. క్రిస్మస్ సెలవుల రద్దీ తప్పించుకోండి. రైలు టికెట్టు మాత్రం అరవై రోజుల ముందు బుకింగ్ తెరిచిన పొద్దున్నే తీసేయండి.