ఫోన్‌లో ఒక మాట, మెనూ మీద ఒక గీత

ఇంటి ఫోన్ మోగింది. "మిసెస్ డి వింటర్ చనిపోయి ఏడాది దాటింది" అని చెప్పి పెట్టేసింది ఆ ఇంటి కొత్త ఇల్లాలు, ఆ పేరు ఇప్పుడు తనదేనని మర్చిపోయి!

ఇవాళ 'రెబెకా' (1938) నవల తిరగేస్తూ మళ్ళీ ఇక్కడే ఆగిపోయాను. కాసేపటికి ఇంటి పనులన్నీ చూసే మిసెస్ డాన్వర్స్ సాస్ ఏది చేయించమంటారని అడుగుతుంది. చనిపోయిన మొదటి భార్య రెబెకా ఏది చేయించేదో అదే అంటుంది ఈ పిల్ల. రచయిత్రి డాఫ్నే డు మారియే ఈమెకి పేరు కూడా పెట్టలేదు.

(చదవనివాళ్ళు ఇక్కడ ఆగండి.)

అదే మనిషి చివర్లో మెనూ మీద గీత గీసి కొట్టేసి, వేడిగా ఏమైనా చేయమని కబురంపుతుంది. డాన్వర్స్ ఎదురు మాట్లాడితే, ఇప్పుడు మిసెస్ డి వింటర్‌ని నేనే అంటుంది.

మధ్యలో ధైర్యం నూరిపోసినవాళ్ళెవరూ లేరు. రెబెకాని తానే చంపానని, ఆమెని ఎన్నడూ ప్రేమించలేదని భర్త చెప్పాడు, అంతే. ఈమె చెవిలో పడింది రెండో ముక్కే. హత్య సంగతి పక్కకి పోయింది! నాకు ఒళ్ళు జలదరించేది అక్కడే.

చాలా సస్పెన్స్ నవలల్లో హీరోయిన్ ఉన్నట్టుండి ధైర్యవంతురాలైపోతుంది. ఇక్కడ పాత భయం పోయి కొత్తది పట్టుకుంది, భర్తకి ఉరి పడుతుందేమోనని. నీ ముఖంలో ఆ పసితనం పోయిందని అతనే బాధపడతాడు.