డిశ్చార్జ్ తర్వాత మొదటి నెల: మాత్రలు, బీడీలు, సాంబారు

మానసిక ఆసుపత్రిలో నెలో నెలన్నరో ఉండి ఇంటికొచ్చిన మనిషికి జబ్బు తిరగబెడితే ఇంట్లోవాళ్లు అనే మొదటి మాట, "మందులు మానేశాడు". నిజమే కావచ్చు. ఎందుకు మానేశాడని తవ్వి చూస్తే మాత్రం, గేటు దాటకముందే తేల్చుకోదగ్గ విషయాలు చాలా బయటపడతాయి.

డిశ్చార్జ్‌కి ముందు డాక్టరు పేషెంటుతోనూ, ఇంట్లో చూసుకునేవాళ్లతోనూ, ఇకపై చూడబోయే సైకియాట్రిస్టుతోనూ మాట్లాడి తర్వాతి వైద్యం సంగతి నిర్ణయించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 98వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి మొహమాటపడకుండా అడగండి. ప్రతి మందుకూ జెనరిక్ పేరు (కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు), మోతాదు, ఏ పూట, దేనికి అన్నవి రాయించుకోండి. ఊళ్లో మెడికల్ షాపులో వేరే కంపెనీ స్ట్రిప్పు ఇస్తే మాత్ర రంగు మారుతుంది. అప్పుడు కొందరు "ఇది నాది కాదు" అని పక్కన పెట్టేస్తారు, కొందరు పాతదీ కొత్తదీ రెండూ వేసుకుంటారు. "దేనికి" అన్నదీ ముఖ్యమే. ట్రైహెక్సీఫెనిడిల్ మాత్ర చిన్నదిగా ఉంటుంది, ఇదెందుకులే అని ఆపేస్తారు. అది వేరే మందు వల్ల వచ్చే బిగుతుకూ వణుకుకూ ఇచ్చింది. అది లేక మెడ పట్టేసిందంటే, ఆ భయంతో అన్ని మాత్రలూ మూలన పడతాయి.

బీడీ సంగతి చాలామంది డాక్టరుకు చెప్పరు. వార్డులో బీడీ దొరకదు, భ్రమలు, అనుమానాలు తగ్గించే ఒలాంజపిన్, క్లోజపిన్ మందుల మోతాదు ఆ స్థితిలో కుదురుతుంది. ఇంటికొచ్చి రోజుకో కట్ట మొదలుపెడితే, పొగలోని పదార్థాలు కాలేయంలో ఆ మందును త్వరగా కరిగించేస్తాయి. మాత్ర తప్పకుండా వేసుకుంటున్నా రక్తంలో మందు తగ్గిపోతుంది. దీనికి కారణం పొగే, నికోటిన్ కాదు. తర్వాత ఉన్నట్టుండి బీడీలు మానేస్తే మందు పెరిగి మగత, తూలు వస్తాయి. అందుకే రోజుకు ఎన్ని తాగుతాడో ఓపీలో ఉన్నదున్నట్టు చెప్పాలి.

క్లోజపిన్ వాడేవాళ్లకు ఇంకో హెచ్చరిక. 48 గంటలకు మించి మాత్ర తప్పితే పాత మోతాదు ఒక్కసారిగా వెయ్యకూడదు, బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. డాక్టరు మళ్లీ 12.5 మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టి పెంచుతారు. జ్వరం, గొంతునొప్పి వస్తే, తెల్ల రక్తకణాలు పడిపోయాయేమో చూడటానికి అదే రోజు రక్తపరీక్ష చేయించాలి.

మూడ్ అదుపులో ఉంచే లిథియం వాడేవాళ్లకు మన ఎండాకాలమే శత్రువు. ఒంట్లో నీరు తగ్గినా, వాంతులు విరేచనాలు పట్టుకున్నా, ఉన్నట్టుండి ఉప్పు మానేసినా రక్తంలో లిథియం పెరుగుతుంది. మోకాళ్ల నొప్పులకని ఆర్‌ఎంపీ వేసే డైక్లోఫెనాక్ సూదితోనూ పెరుగుతుంది. చేతులు బాగా వణికినా, నడక తూలినా, మాట ముద్దగా వచ్చినా మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. లిథియం ఎంతుందో చూసే పరీక్షకు రక్తం ఇచ్చేది చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు: రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి ఇచ్చి, ఆ తర్వాతే పొద్దుటి మాత్ర.

ఇక సాంబారు. మాత్ర వద్దంటున్నాడని పొడి చేసి సాంబారులోనో మజ్జిగలోనో కలిపేవాళ్లున్నారు. ఒక్కరోజు చేదు తగిలిందంటే చాలు, ఆ మనిషి ఇంటి అన్నం ముట్టడు. విషం పెడుతున్నారన్న అనుమానం ఉన్నవాడికి అదే రుజువైపోతుంది. మాత్ర గిట్టని మనిషి అని ముందే తెలిస్తే నెలకోసారి చేసే డిపో ఇంజెక్షన్ (మందు ఒంట్లోకి నెమ్మదిగా దిగే సూది) గురించి డాక్టరుతో, అతని ఎదుటే, మాట్లాడండి. ఆ సూది ఊళ్లో పీహెచ్‌సీలో వేసేలా మెడికల్ ఆఫీసరుకు ఉత్తరం రాయించుకుంటే ప్రతి నెలా బస్సు ఛార్జీలు మిగులుతాయి.

జబ్బు తిరగబెట్టేముందు చాలామందిలో మొదట చెడేది నిద్ర. ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు కూడా ఉంటుంది: ఒకరు స్నానం మానేస్తారు, ఒకరు టీవీ కట్టేయమంటారు, ఒకరు అర్ధరాత్రి బీరువా సర్దుతారు. బాగున్నప్పుడు అతన్నే అడిగి ఆ గుర్తులు కాగితం మీద రాసి పెట్టుకోండి. వరసగా రెండు మూడు రాత్రులు నిద్ర పట్టకపోతే ఓపీ తేదీ కోసం ఆగకండి.

ఇంటి మాటల ప్రభావం తక్కువేమీ కాదు. ఎప్పుడూ తప్పులెంచే ఇళ్లలో, అతిగా పట్టించుకునే ఇళ్లలో జబ్బు ఎక్కువగా తిరగబెడుతుందని లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం 1950ల నుంచి చేసిన పరిశోధన చూపింది. మన దగ్గర ఆ మాట "కూర్చుని తింటున్నాడు". ఆ కూర్చోవడం చాలాసార్లు బద్ధకం కాదు, జబ్బు మిగిల్చినది. మొదటి వారం పాల ప్యాకెట్ తేవడం ఒక్కటి అప్పజెప్పండి. అది కుదిరాక ఇంకోటి.

డిశ్చార్జ్ తర్వాతి తొలి రోజుల్లో ఆత్మహత్య ముప్పు ఎక్కువ. వారం తిరక్కుండా డాక్టరుకు చూపించాలి. సేద్యం ఉన్న ఇళ్లలో పురుగుమందు డబ్బాలు మనిషి ఇల్లు చేరకముందే వేరేచోటికి తరలించాలి. మాత్రలు కూడా నెలవి మొత్తం చేతికివ్వకుండా వారానికి సరిపడా ఇవ్వండి. చచ్చిపోతానన్న మాట వస్తే ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి పగలూ రాత్రీ ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

పెన్షన్ గురించి క్లుప్తంగా: మానసిక వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉందని సర్టిఫికెట్ ఉండాలి. ఆ సర్టిఫికెట్ ఇచ్చే మెడికల్ బోర్డు ముందు అడిగేది పాత చికిత్స కాగితాలే, అందుకే ఓపీ చీటీలు ఒక్కటీ పారేయొద్దు. డిశ్చార్జ్ సమ్మరీని ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి, అర్ధరాత్రి క్యాజువాలిటీకి పోతే అక్కడి డాక్టరు మొదట అడిగేది అదే.